జారుముడి

చెత్త సంచి విప్పడానికి ఒక పద్ధతి ఉందని గుమస్తా గట్టి నమ్మకం. ముందు నేల మీద పట్టా పరవాలి. సంచిని ఎప్పుడూ బోర్లించకూడదు, పక్కకి పడుకోబెట్టాలి. మూతి దగ్గర బ్లేడుతో కోసి, లోపల ఉన్నది పట్టకారుతో పొరలు పొరలుగా బయటికి లాగాలి. తడిది ఎడమ పక్కకి, పొడిది కుడి పక్కకి. కాగితం ముక్క కనపడితే చిరక్కుండా విదిలించి, ఎండ తగిలేలా పట్టుకుని చదవాలి. అతనికి కావలసింది చెత్త కాదు. చెత్తలో దాక్కున్న పేరు.

వార్డు ఆఫీసులో అందరూ అతన్ని చీటీల సారు అంటారు. అందులో సగం వెక్కిరింత ఉందని అతనికి తెలుసు. మిగతా సగం గౌరవమేనని సరిపెట్టుకున్నాడు. కరెంటు బిల్లు, కొరియర్ కవరు, మందుల షాపు రసీదు, ఏదో ఒకటి దొరక్కపోదు. దొరికిన పేరు ఫైల్లోకి ఎక్కేది. ఇదివరకు అక్కడితో అయిపోయేది.

కొత్తగా వచ్చిన ఆఫీసరు అంతటితో ఊరుకునే రకం కాదు. "జరిమానా వేస్తే కట్టేసి మళ్లీ పడేస్తారయ్యా. సిగ్గేస్తేనే మానతారు," అంటూ మూసేసిన మిల్లు గోడ మూలలో పెద్ద బోర్డు ఒకటి పాతించాడు. పైన ఎర్రటి అక్షరాలతో 'ఇక్కడ చెత్త వేసినవారు' అని రాయించి, కింద తెల్లగా ఖాళీ వదిలాడు. ఎవరి పేరు దొరికితే వాళ్ల పేరు నెల రోజులు అక్కడ ఉంటుంది. బోర్డు పాతి పదిహేను రోజులైంది, ఖాళీ ఖాళీగానే ఉంది. జనం తక్కువ తినలేదు. పేరున్న కాగితాలన్నీ చించి, చిరునామాలు గోకేసి మరీ పడేస్తున్నారు. ఆ మధ్య ఎవడో చిలిపివాడు ఆ ఖాళీలో సుద్దముక్కతో 'అందరూ' అని రాసిపోయాడు. ఆఫీసరు జేబురుమాలు తీసి తనే తుడిచాడు. ఆ రోజంతా ఆయన ముందు నవ్వడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

"శుక్రవారం పదింటికి ఈ బోర్డు ఫోటో పైకి పోవాలి," అన్నాడు గుమస్తాతో. "పేరుతో సహా."

సోమవారం పొద్దున అందుకే గుమస్తా ఏడున్నరకల్లా మిల్లు గోడ దగ్గరున్నాడు. ఆ వీధి ఊడ్చే ఆవిడ చీపురు గోడకి ఆనించి సంచులు లాక్కొచ్చి పట్టా మీద పెడుతోంది. వయసుతో నిమిత్తం లేకుండా అందరూ ఆవిణ్ణి అక్కా అనే పిలుస్తారు. అయిదు సంచులు కోశాడు, ఒక్కదాంట్లోనూ పేరు లేదు. ఆరోది నీలం సంచి. మూతి పురికొసతో పొందిగ్గా కట్టి ఉంది. బ్లేడు ఎడమ చేతిలోనే ఉండిపోయింది. కుడిచేతి వేళ్లు పురికొస చెవి పట్టుకుని ఒక్క లాగు లాగాయి. ముడి జారిపోయింది. అతని ధ్యాస అంతా లోపలి కాగితాల మీదే ఉంది.

టీ పిప్పి. అరటి తొక్కలు. కోడిగుడ్డు పెంకులు. మోకాళ్లకి రాసుకునే నూనె సీసా ఒకటి. అన్నిటికీ అడుగున, తడి తగలని చోట, నాలుగు మడతలు పెట్టిన గులాబీరంగు చీటీ. విప్పాడు. పైన టైలరు షాపు ముద్ర, టైలరమ్మ పేరు, వీధి పేరు అచ్చులో ఉన్నాయి. కింద పెన్సిలుతో ఏవో కొలతలు.

"దొరికింది!" అన్నాడు గట్టిగా. పదిహేను రోజులుగా గుండెల మీదున్న కుంపటి దింపినట్టయింది.

అక్క వంగి చూసింది. చదువు రాదుగానీ గులాబీరంగు చీటీ ఎవరిదో ఆ పేటలో అందరికీ తెలుసు. "టైలరమ్మదా? ఇందులో గుడ్డ పీలిక ఒక్కటి లేదే సారూ. దారప్పోగు కూడా లేదు. కుట్టే ఇంటి చెత్త ఇట్టా ఉంటుందా?"

"పేరుందా లేదా?"

"పేరుంది."

"ఆధారం ఆధారమేనక్కా."

అక్క చేట అందుకుంది. అరటి తొక్కలు చేటతో ఎత్తి బండిలో వేసుకుంది. సాయంత్రానికల్లా పెయింటరు వచ్చి తెల్లటి ఖాళీలో టైలరమ్మ పేరు నల్లగా దించి పోయాడు.

మంగళవారం ఆఫీసు తలుపులు తీసేసరికి టైలరమ్మ మెట్ల మీద నిలబడి ఉంది. మెడలో టేపు అలాగే వేలాడుతోంది. తీసి రావాలన్న ఆలోచన కూడా వచ్చినట్టు లేదు.

"అన్నయ్యగారూ, ఇదెక్కడి అన్యాయమండీ!" అంది అతను కుర్చీలో కూర్చోకముందే. గుమస్తా ఇంట్లో ఎవరి బట్టలు కుట్టాలన్నా, బాగుచెయ్యాలన్నా ఆవిడే. అతని భార్యని చెల్లీ అంటుంది, అతన్ని అన్నయ్యగారూ అంటుంది. కానీ ఆఫీసు కుర్చీలో కూర్చున్నాక గుమస్తా ఎవరికీ అన్నయ్య కాడు.

"మీ చీటీ సంచిలో దొరికిందమ్మా."

"చీటీ నా దగ్గరెందుకుంటుందండీ? కుట్టించుకునేవాళ్లకి ఇచ్చేస్తాను. దాని కార్బన్ కాపీ నా పుస్తకంలో ఉంటుంది. ఈ పేటలో నా చీటీ లేని ఇల్లొకటి చూపించండి! దాని మీద నెంబరుంటుంది, అది చెప్పండి చాలు. అది ఎవరికిచ్చానో పుస్తకం చూసి చెప్తాను."

అది సబబైన మాటే. సబబని అతనికీ తోచింది. తోచినందుకే చిరాకేసింది. పదిహేను రోజుల తర్వాత దొరికిన ఒక్క పేరు, అది కాస్తా చేజారిపోతే శుక్రవారం ఆఫీసరు మొహం ఎలా చూడటం?

"ఆధారం ఫైల్లోకి ఎక్కింది. పైవాళ్లు చెప్తే తప్ప తియ్యడానికి లేదు," అన్నాడు ఆ చీటీ ఉన్న బీరువా వైపు చూడకుండా.

"బడి వాళ్ల యూనిఫారాల గుడ్డ మొన్ననే దింపారండీ నా దగ్గర. రెండొందల జతలు. నిన్న సాయంత్రం ఆ మేడమ్ ఫోన్ చేసింది. పిల్లలు రోజూ ఆ బోర్డు ముందు నుంచే నడుస్తారు, శుక్రవారానికి పేరు పోకపోతే గుడ్డ వెనక్కి తీసుకెళ్తాం అంది. ఇంకో ఇద్దరమ్మాయిలు నన్ను నమ్ముకుని మిషన్ తొక్కుతున్నారు. వాళ్లకేం చెప్పను?"

"దరఖాస్తు రాసివ్వండి. చూస్తాం."

టేపు మెడలోంచి తీసి చుట్ట చుట్టి గుప్పిట్లో పెట్టుకుంది. "సరే సార్," అని మెట్లు దిగిపోయింది. అన్నయ్యగారూ అంటూ వచ్చిన మనిషి సార్ అని వెళ్లిపోయింది. అతను గమనించాడు. ఆఫీసులో అలా అనడమే మర్యాదని తనకి తాను చెప్పుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో కూడా అదే గొడవ.

"ఆవిడ దుకాణం ముందు నుంచి రావాలంటే తల ఎత్తలేకపోయానండీ," అంది భార్య. మందుల ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు ఆవిడది, ఆరు కొట్టేసరికి ఇల్లు దాటాలి. "ఎవరో పడేస్తే ఆవిడ పేరెందుకు రాశారు?"

"ఎవరో పడేశారని నీకెవరు చెప్పారు? ఇంట్లో చెత్త మాట ఎత్తొద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

అది ఆ ఇంట్లో చట్టం. ఊరి చెత్తంతా తన చేతుల మీదుగా పోతోంది కాబట్టి ఇంట్లో చెత్త తన కంట పడకూడదు, ఆ మాట చెవిన పడకూడదు. చెత్త బుట్ట బాల్కనీ తలుపు వెనక ఉంటుంది. పొద్దున భార్య దాన్ని సంచిలోకి ఎత్తిపోస్తుంది. చెత్త బండి హారన్ వినపడగానే అతని తండ్రి ఆ సంచి పట్టుకుని మూడంతస్తులు దిగుతాడు. ఆ సమయానికి గుమస్తా ఇంట్లోనే, గడ్డం గీసుకుంటూ ఉంటాడు. పెద్దాయన తనంతట తనే పెట్టుకున్న పని అది. కూర్చుని తినడం ఆయనకి అలవాటు లేదు. ఒంట్లో ఓపికున్నన్నాళ్లూ గోదాములో బేళ్లు కట్టాడు, వాటి మీద నల్ల సిరాతో చిరునామాలు రాశాడు. ఆ కుంచె, ఆ సిరా డబ్బా ఇప్పటికీ ఆయన మంచం కిందే ఉన్నాయి.

ఆ మాటలు జరుగుతున్నప్పుడు పెద్దాయన నేల మీద కాళ్లు చాపుకుని పాత పేపర్లు దొంతిగా పేర్చి పురికొసతో కడుతున్నాడు. చేతులు సగం ముడిలో ఆగిపోయాయి.

"ఆ సంచి ఏ రంగుదిరా?"

"నీలం. ఎందుకూ?"

"ఊరికే."

ముడి పూర్తి చెయ్యకుండానే పేపర్లు పక్కకి నెట్టి, గోడ పట్టుకుని లేచాడు. ఆ పూట ఆకలి లేదన్నాడు. పెద్దవాళ్లకి ఒక్కో రోజు అంతేనని గుమస్తా అనుకున్నాడు.

బుధవారం మిల్లు మూల మళ్లీ ఎప్పటిలాగే ఉంది. బోర్డు మీద పేరు పడ్డా ఆగినవాళ్లెవరూ లేరు. పైగా పాపం వేరొకరి ఖాతాలో పడింది కదాని ఇంకో నాలుగు సంచులు ఎక్కువే వేశారు. అక్క వాటిని లాక్కొస్తూ గొణుక్కుంటోంది.

"ఎవరి కంపు వాళ్లకింపు. వేసేటప్పుడు ఒక్కడికీ వాసన రాదు."

మూడో సంచి నీలంది. గుమస్తా వేళ్లు పురికొస చెవి పట్టుకున్నాయి. ఒక్క లాగు. ముడి జారిపోయింది.

"అరె, భలే వచ్చిందే!" అంది అక్క. "పోయిన వారం ఇట్టాంటి సంచే చినిగిందని నేను విప్పబోయాను సారూ. లాగేకొద్దీ బిగుసుకుపోయింది. ఆఖరికి పళ్లు పెట్టి కొరికాను. మీకు చెయ్యి తిరిగినట్టుంది."

గుమస్తా చేతిలో పురికొస అలాగే ఉంది. దాన్ని చూశాడు. రెండు చుట్లు, ఒక మడత, మడతలోంచి బయటికి వచ్చిన చిన్న చెవి. ఎటు లాగినా బిగుస్తుంది, చెవి పట్టుకుని లాగితే మాత్రం వెన్నలా జారుతుంది. గోదాముల్లో బేళ్లకి వేసే ముడి. అతనికి ఆరేళ్లప్పుడు బూటు లేసుల మీద వేసి నేర్పించిన ముడి. ఈ పేట మొత్తం మీద ఆ ముడి వెయ్యడం వచ్చిన మనిషి ఒక్కడే ఉన్నాడు, దాన్ని విప్పడం వచ్చిన మనిషి కూడా ఒక్కడే ఉన్నాడు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు.

సంచి మూతి కొంచెం తెరిచాడు. పైనే, అతను నిన్న గడ్డం గీసుకుని పారేసిన బ్లేడు, దాని కాగితంలోనే చుట్టి ఉంది. ఎవరికీ తెగకూడదని అలా చుట్టే అలవాటు కూడా ఇంట్లో తండ్రిదే.

"ఏమైనా దొరికిందా?" అంది అక్క.

"లేదు. ఏం లేదు. ఇది బండిలో వేసెయ్."

"తియ్యకుండానేనా?"

"వెయ్యమన్నానా!"

అక్క సంచి ఎత్తుకుంటూ అతని మొహంలోకి ఒకసారి చూసింది. పద్ధతి తప్పి ఒక్క సంచి కూడా వదలని మనిషి. ఆవిడ ఏమనుకుందో ఏమో, మిగతావి విప్పేంతసేపూ నోరు మెదపలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, గుమస్తా మాత్రం ఎవరూ అడక్కపోయినా తలనొప్పిగా ఉందని రెండుసార్లు చెప్పాడు.

మధ్యాహ్నం బీరువాలోంచి ఫైలు తీశాడు. పైవాళ్లు చెప్తే తప్ప తియ్యడానికి లేదన్న చీటీ ఒక గుండుసూది లాగితే వచ్చేసింది. జేబులో పెట్టుకుని టైలరు షాపుకి నడిచాడు. ఏమో, ఆ చీటీ ఇంకెవరిదైనా అయ్యుండొచ్చు. ముడి వేరు, చీటీ వేరు కావచ్చు. మునిగిపోయేవాడు గడ్డిపోచనైనా పట్టుకుంటాడు.

షాపులో మిషన్లు ఆగి ఉన్నాయి. యూనిఫారాల గుడ్డ తానులు విప్పకుండా గోడ పక్కన పేర్చి ఉన్నాయి. ఇద్దరమ్మాయిలూ ఖాళీగా కూర్చుని గుండీలు రంగులవారీగా ఏరుతున్నారు. ఏరినవే మళ్లీ ఏరుతున్నారని అతనికి అర్థమైంది.

"నెంబరు చూసి చెప్తానన్నారు కదా," అంటూ చీటీ బల్ల మీద పెట్టాడు.

టైలరమ్మ మొహం విప్పారింది. గబగబా పుస్తకం తీసి కార్బన్ కాగితాలు తిరగేసింది. వేలు ఒకచోట ఆగింది. ఆ కాపీ చదివింది. చీటీ మీది కొలతలు చూసింది, నడుము, పొడవు, కింద మడత. తర్వాత బల్లకి అవతల నిలబడ్డ అతన్ని నడుము దగ్గర్నించి బూట్ల దాకా చూసింది. కొలత తీసేవాళ్లు చూసే చూపు అది. మొహంలో విప్పారినదంతా నెమ్మదిగా ముడుచుకుపోయింది.

"ఆ కాగితం చిరిగిపోయింది సార్," అంది పుస్తకం మూసేస్తూ.

"చిరిగిపోయిందా?"

"పేరు దగ్గరే చిరిగింది."

"చూడండమ్మా, ఎవరిదైనా సరే చెప్పండి. మీ పేరు పోవాలంటే..."

"నేను చెప్తే మీరు రాస్తారు కదా సార్. ఏ తప్పూ లేకుండానే రెండు రోజులు ఆ బోర్డు మీదున్నాను. నిద్ర లేదు, తిండి లేదు. తప్పు ఉన్నవాళ్లకి ఎలా ఉంటుందో! ఏ పెద్దవాళ్లు ఓపిక లేక వేశారో, ఏమో. నా నోటితో ఆ పేరు రాదు."

అమ్మాయిలిద్దరూ గుండీలు ఏరడం మానేసి ఆవిడ వంక చూశారు. ఆవిడ లేచి అలమారలోంచి ఒక ప్యాంటు తీసింది. పాత పేపర్లో చుట్టి అతని చేతిలో పెట్టింది. "ఎలాగూ వచ్చారు కదా. మొన్న చెల్లి రెండిచ్చింది. ఒకటి పట్టుకెళ్లింది, ఇది రెండోది. కింద మడత వేసేశాను."

థాంక్సు చెప్పాలో, క్షమించమని అడగాలో, అసలేమీ తెలియనట్టు నటించాలో అతనికి తోచలేదు. ప్యాంటు పొట్లం పట్టుకుని బయటపడ్డాడు. ఆవిడ తిట్టుంటే బాగుండేది. తిడితే ఎదురు తిట్టొచ్చు. ఇప్పుడు అడకత్తెరలో పోకచెక్క అయింది అతని బతుకు. ఆవిడ పేరు ఉంచితే పాపం. తీయాలంటే తండ్రి పేరు కావాలి.

గురువారం పొద్దున ఆఫీసరు గదిలోకి వెళ్లాడు.

"టైలరమ్మ పేరు తీసెయ్యాలి సార్. ఆవిడ వెయ్యలేదు."

"మంచిది," అన్నాడు ఆఫీసరు ఫైల్లోంచి తల ఎత్తకుండా. "ఎవరు వేశారో చెప్పు, మారుద్దాం. పేరు చెరపాలంటే పేరు కావాలి. ఖాళీ బోర్డు ఫోటో పంపి నన్ను నవ్వులపాలు చేస్తావా?"

గుమస్తా రాత్రంతా సాధన చేసుకున్న మాట బయటపెట్టాడు. "మా ఇంటి సంచి సార్ అది."

ఆఫీసరు తల ఎత్తాడు. నవ్వబోయాడు. అతని మొహం చూసి ఆపుకున్నాడు. లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"నీకు మతి పోయిందా? చెత్త పట్టుకునే ఆఫీసులో గుమస్తా ఇంటి చెత్తే రోడ్డు మీద పడిందని బోర్డు రాయించుకుంటామా? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారని పైవాళ్లు నా మొహాన కొట్టరూ?"

"ఆవిడ యూనిఫారాల పని పోతుంది సార్. రేపే గుడ్డ తీసుకెళ్లిపోతారు."

"నెల తర్వాత ఎలాగూ చెరిపేస్తాం. ఇంకో పని వెతుక్కుంటుంది. ఈ మాట ఈ గది దాటకూడదు. ఇంట్లోవాళ్లకి గట్టిగా చెప్పుకో. వెళ్లు."

తలుపు తెరుచుకుని బయటికి వచ్చాక గుమస్తాకి మొదట కలిగింది దుఃఖం కాదు. హమ్మయ్య అనిపించింది. చెప్పవలసింది చెప్పాను, వాళ్లే వద్దన్నారు, ఇక నా చేతిలో ఏముంది అనిపించింది. ఆ హమ్మయ్య ఎంతోసేపు నిలవలేదు. అది పోయాక మిగిలినది సిగ్గు. ఆఫీసరు బోర్డు పెట్టి తెప్పించాలనుకున్న సిగ్గు, పేరు లేకుండానే వచ్చి అతని నెత్తి మీద కూర్చుంది.

సాయంత్రం తండ్రి బాల్కనీలో మోకాళ్లకి నూనె రాసుకుంటున్నాడు. గుమస్తా వెళ్లి పక్కనే చతికిలబడ్డాడు.

"బండి దాకా వెళ్లే వేస్తున్నావా నాన్నా?"

"వేస్తున్నా."

నూనె చెయ్యి ఆగలేదు. కుడి మోకాలు అయిపోయి ఎడమ మోకాలికి వచ్చింది.

"పొద్దున్నే అబద్ధాలెందుకూ అంటారు. సాయంత్రం మాత్రం ఎందుకులే," అన్నాడు పెద్దాయన. "ఆ బండి నాకోసం ఆగదురా. హారన్ కొట్టి రెండు నిమిషాలుంటుంది. నేను రెండో అంతస్తులో ఉండగానే వెళ్లిపోతుంది. ముందే దిగి నిలబడదామంటే ఒకరోజు ఆరున్నరకి వస్తుంది, ఒకరోజు ఏడైనా రాదు. మోకాళ్లు నిలబడనివ్వవు. మెట్ల దగ్గర పెడితే వాచ్‌మన్ ఊరుకోడు. దాన్ని మోసుకుంటూ మళ్లీ పైకెక్కే ఓపిక లేదు. ఆ మిల్లు మూలైతే నాలుగడుగులు."

"మరి నాకు చెప్పొచ్చు కదా! నేను ఇంట్లోనే చచ్చాను కదా ఆ టైముకి!"

"ఆ మాట ఎత్తొద్దన్నావు కదా."

నిష్ఠూరంగా అనలేదు ఆయన. ఉన్నమాట అన్నాడు. ఆ రెండు నిమిషాల బండి ఆగే చోటు, గుమస్తా గడ్డం గీసుకునే కిటికీకి సరిగ్గా కిందే ఉంది. రోజూ ఆ హారన్ విని, చెవులు చిల్లులు పడుతున్నాయని విసుక్కుంటూ కిటికీ మూసుకునేవాడు.

"ఆ అమ్మాయికి చెప్పేశావా, మనదని?" అన్నాడు పెద్దాయన.

"ఆఫీసరుకి చెప్పాను. వద్దన్నాడు. వదిలెయ్ నాన్నా. నెల తర్వాత చెరిపేస్తారు. జనం కూడా మరిచిపోతారు. ఎక్కడా అనకు."

ఆ మాటలు ఆఫీసరు గొంతుతోనే వచ్చాయి. పెద్దాయన కొడుకు వంక తిరిగి చూశాడు. సీసాకి మూత బిగించి, చేతులకున్న నూనె తువ్వాలుకి తుడుచుకుని, లోపలికి వెళ్లాడు. గుమస్తా అక్కడే కూర్చుండిపోయాడు.

శుక్రవారం గుమస్తా లేచేసరికి భార్య షిఫ్టుకి వెళ్లిపోయింది. బాల్కనీ తలుపు వెనక బుట్ట ఖాళీగా ఉంది. టైము చూశాడు. బండి ఇంకా రాలేదు. తండ్రి మంచం ఖాళీగా ఉంది. వంగి మంచం కిందికి చూశాడు. సిరా డబ్బా లేదు, కుంచె లేదు. వాటి చుట్టూ పేరుకున్న దుమ్ములో డబ్బా మేర గుండ్రటి గుర్తు మాత్రం ఉంది.

చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగాడు.

మిల్లు గోడ మూలలో పదిమంది దాకా పోగయ్యారు. పాల ప్యాకెట్లతో ఆగినవాళ్లు, నడక మధ్యలో ఆగినవాళ్లు, బడి సంచులతో పిల్లలు. బోర్డు ముందు బోర్లించిన చెక్కపెట్టె మీద అతని తండ్రి నిలబడి ఉన్నాడు. ఎడమచేత్తో బోర్డు అంచు పట్టుకున్నాడు, కుడిచేతిలో కుంచె. పెట్టె పక్కన నేల మీద నీలం సంచి, పురికొసతో పొందిగ్గా కట్టి ఉంది. చీపురు చంకలో పెట్టుకుని అక్క సిరా డబ్బా పట్టుకుని నిలబడింది.

టైలరమ్మ పేరు మీద అడ్డంగా రెండు గీతలు పడి ఉన్నాయి. తప్పు చిరునామా పడ్డ బేలుకి అలాగే చేసేవారు. రెండు గీతలు కొట్టి, కింద సరైనది రాసేవారు. దాని కింద పెద్దాయన తన పేరు రాసుకున్నాడు. వయసుకి చెయ్యి వణుకుతుంది గానీ ఆ అక్షరాలకి వణుకు లేదు. దూరం పోయే సరుకు మీద ఎవరైనా చదవగలిగేలా రాసే అక్షరాలు, లావుగా, నిటారుగా, విడివిడిగా ఉన్నాయి. పేరు కింద వీధి పేరు, భవనం, మూడో అంతస్తు. అక్కడ కుంచె ఆగింది.

"ఒరేయ్, వచ్చావా?" అన్నాడు వెనక్కి తిరక్కుండానే, అక్క కదలిక చూసి. "మన ఇంటి నెంబరు చివర ఏడా, తొమ్మిదా? ఊళ్లో అందరి అడ్రసులూ రాశాను గానీ మనది ఎప్పుడూ రాయలేదు."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. దించెయ్యాలి, ఇంటికి తీసుకెళ్లిపోవాలి అని గుమస్తా రెండడుగులు ముందుకు వేశాడు. పెట్టె ఊగుతోంది. పెద్దాయన మోకాళ్లు కనపడేలా వణుకుతున్నాయి. వీధి అవతల, షాపు తలుపు సగం తెరిచి టైలరమ్మ చూస్తోంది. ఇద్దరమ్మాయిలు ఆవిడ వెనక ఉన్నారు.

అతను వంగి రెండు చేతులతో పెట్టెని పట్టుకున్నాడు. ఊగడం ఆగింది.

"తొమ్మిది నాన్నా."

కుంచె తొమ్మిది వేసింది.

"నా పేరు కూడా రాయి."

"సంచి కట్టింది నేను కదరా."

"దాన్ని కిందికి తేవలసింది నేను."

పెద్దాయన బోర్డు మీద మిగిలిన చోటుని కంటితో కొలిచి చూసుకున్నాడు. కుంచె డబ్బాలో ముంచి, తన పేరు పక్కన కొడుకు పేరు కూడా అవే అక్షరాలతో రాశాడు. ఆరేళ్ల వయసులో అతని పలక మీద మొదటిసారి రాసిచ్చిందీ ఆ చెయ్యే.

అప్పుడే ఆఫీసరు జీపు వచ్చి ఆగింది. ఆయన ఫోను చేత్తో పట్టుకునే దిగాడు. జనాన్ని చూశాడు, బోర్డుని చూశాడు. మొహం ఎర్రబడింది.

"ఎవరు రాశారిది? ఎవరి పర్మిషన్‌తో రాశారు? పెయింటర్ని పిలు! తెల్లరంగు తెప్పించు!"

"ఆరడానికి పూట పడుతుంది సార్," అన్నాడు గుమస్తా పెట్టె వదలకుండానే. "పదింటికి ఫోటో పోవాలన్నారు. పేరుతో సహా అన్నారు. రెండు పేర్లున్నాయి. తీసుకోండి."

ఆఫీసరు చుట్టూ చూశాడు. పదిమంది పదిహేనుమంది అయ్యారు, అందరూ ఆయన చేతిలోని ఫోను వంకే చూస్తున్నారు. అక్క మాత్రం సిరా డబ్బాకి మూత పెట్టి, చీపురు తీసి, జనం కాళ్ల దగ్గర ఊడవడం మొదలుపెట్టింది. ఇంకేం చెయ్యాలో తోచక ఆయన ఫోను పైకెత్తాడు.

గుమస్తా తండ్రిని నడుము పట్టుకుని కిందికి దించాడు. తన ఉద్యోగం ఏమవుతుందో అతనికి తెలియదు. ఏదో ఒకటి అవుతుంది. పెద్దాయన చేతులకున్న సిరా అతని చొక్కాకి అంటింది. వీధి అవతల మిషన్ ఒకటి టకటకమని మొదలైంది, దాని వెనకే రెండోది.

బండి హారన్ వినపడింది. మూల తిరిగి, జనం దారికి అడ్డంగా ఉండటంతో డ్రైవరు ఆపి, తల బయటికి పెట్టి బోర్డు చదువుకుంటున్నాడు. గుమస్తా నీలం సంచి అందుకున్నాడు. అనుకున్నంత బరువుగా లేదు. మూడంతస్తులు మోకాళ్ల నొప్పితో దిగినవాళ్లకి బరువే.

"నెమ్మదిగా పోరా," అన్నాడు తండ్రి వెనకనుంచి. "ఇవాళ ఆగే ఉంది."